బబిండా బౌల్డర్స్

బబిండా బౌల్డర్స్ ఆస్ట్రేలియా దేశంలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రపు ఉత్తర భాగాన, ఉష్ణమండల వర్షారణ్యం నడుమ బబిండా వాగుపై ఏర్పడిన సహజమైన ఈత మడుగు, దాని దిగువనున్న రాతి కనుమల సముదాయం. స్థానికులు దీనిని క్లుప్తంగా 'ది బౌల్డర్స్' అని వ్యవహరిస్తారు. బౌల్డర్ అనగా గుండ్రని పెద్ద బండరాయి. ఏనుగులంత, ఇళ్ళంత పరిమాణంగల నున్నని గుండ్లు వాగు పొడవునా పరచుకొని ఉండుట వలన ఈ ప్రదేశానికి ఈ పేరు స్థిరపడినది. స్వచ్ఛమైన చల్లని నీరు, దట్టమైన అడవి, ప్రశాంతమైన మడుగు ఇక్కడి ఆకర్షణలు. అయితే అదే వాగులో కొద్ది దూరం దిగువన ఉన్న 'డెవిల్స్ పూల్' (దయ్యపు మడుగు) అనే చోట 1959 తరువాత సుమారు ఇరవై మంది ప్రాణాలు కోల్పోయారు. ఈ కారణం చేత బబిండా బౌల్డర్స్ అందానికి ఎంత పేరుపొందినదో ప్రమాదానికి కూడా అంత పేరుపొందినది.

ఉనికి

బబిండా పట్టణం కెయిర్న్స్ నగరానికి దక్షిణంగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, బ్రూస్ జాతీయ రహదారిపై ఉన్నది. వెయ్యి పైచిలుకు జనాభా గల ఈ చిన్న ఊరికి పడమరగా ఆరేడు కిలోమీటర్లు చెరకు తోటల మధ్య నుండి ప్రయాణిస్తే కొండల పాదాన బౌల్డర్స్ వస్తుంది. భౌగోళికంగా ఇది సుమారు 17°20′ దక్షిణ అక్షాంశం, 145°52′ తూర్పు రేఖాంశాల వద్ద ఉన్నది.

ఈ ప్రదేశానికి రెండు వైపులా క్వీన్స్‌లాండ్‌లోకెల్లా ఎత్తైన పర్వతాలు నిలిచి ఉన్నవి. నైరుతిలో బార్టిల్ ఫ్రియర్ పర్వతం ఆ రాష్ట్రంలో అన్నిటికంటే ఎత్తైనది. దీని ఎత్తు 1,611 మీటర్లు (పాత గ్రంథాలలో 1,622 మీటర్లు అని కనిపిస్తుంది). ఉత్తరాన బెలెండెన్ కెర్ పర్వతం ఎత్తు సుమారు 1,590 మీటర్లు. బార్టిల్ ఫ్రియర్ పర్వతానికి 1873లో అన్వేషకుడు జార్జ్ ఎల్ఫిన్‌స్టన్ డాల్రింపుల్ ఈ పేరు పెట్టాడు. అంతకు ముందు 1862 నుండి 1867 వరకు బొంబాయి గవర్నరుగా పనిచేసిన సర్ హెన్రీ బార్టిల్ ఫ్రియర్ పేరే ఇది. స్థానిక ఆదివాసులు ఈ కొండను చూరీచిల్లమ్ అని పిలుస్తారు.

బబిండా వాగు ఈ రెండు పర్వతాల నడుమ పుట్టి, తూర్పు వాలున వేగంగా దిగి, బౌల్డర్స్ మీదుగా బబిండా పట్టణాన్ని దాటి రసెల్ నదిలో కలుస్తుంది. రసెల్ నది పగడాల సముద్రంలో కలుస్తుంది. వాగు ఎగువ భాగం వూరూనూరన్ జాతీయ ఉద్యానవనంలో ఉన్నది. ఈ ఉద్యానవనం 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన 'క్వీన్స్‌లాండ్ ఆర్ద్ర ఉష్ణమండల ప్రాంతం'లో భాగం. ఆ వారసత్వ ప్రాంతపు మొత్తం వైశాల్యం సుమారు 8,940 చదరపు కిలోమీటర్లు.

వర్షపాతం

ఆస్ట్రేలియా అనగానే ఎడారి గుర్తుకు వచ్చుట సహజం. కాని బబిండా ఆ దేశంలోకెల్లా అత్యధిక వర్షపాతం గల పట్టణాలలో ఒకటి. ఇక్కడ ఏటా సగటున 4,200 మిల్లీమీటర్లకు పైగా వర్షం కురుస్తుంది. ఆంధ్ర ప్రదేశ్ సగటు వర్షపాతంతో పోలిస్తే ఇది నాలుగు రెట్ల కంటే ఎక్కువ. ఏ ఏట ఎవరికి ఎక్కువ వాన కురిసినదన్న విషయంలో బబిండా, ఇన్నిస్‌ఫెయిల్, టల్లీ పట్టణాల మధ్య సరదా పోటీ జరుగుతుంది. దీనికి 'బంగారు గంబూట్ పోటీ' అని పేరు. 1950లో టల్లీలో నమోదైన వర్షపాతానికి గుర్తుగా ఆ ఊరిలో 7.9 మీటర్ల ఎత్తైన బూటు ఆకారపు కట్టడాన్ని నిలబెట్టారు.

ఇంత వర్షానికి కారణం కొండల అమరిక. పగడాల సముద్రం మీదుగా వచ్చే ఆగ్నేయ పవనాలు తేమను మోసుకొని వస్తాయి. తీరానికి అతి చేరువలో, దాదాపు సముద్రమట్టం నుండి ఒక్కసారిగా లేచిన ఈ పర్వతాలు గాలిని పైకి నెట్టివేస్తాయి. పైకి పోయిన గాలి చల్లబడి, తేమ వర్షంగా మారుతుంది. కాబట్టి మైదానంలో కంటే శిఖరాలపై వర్షం ఎక్కువ. బెలెండెన్ కెర్ శిఖరంపై 1979 జనవరి నెలలో 5,387 మిల్లీమీటర్లు, 2000 సంవత్సరంలో మొత్తం 12,461 మిల్లీమీటర్లు నమోదైనవి. ఇవి నెలవారీగాను, సంవత్సరం వారీగాను ఆస్ట్రేలియా రికార్డులు. బౌల్డర్స్ వద్ద ప్రమాదాలను అర్థం చేసుకొనుటకు ఈ సంగతి ముఖ్యం. మడుగు వద్ద ఎండ కాస్తున్నను, ఎగువన కొండపై కుంభవృష్టి కురుస్తూ ఉండవచ్చును. ఆ నీరంతా నిటారు వాలున దిగి ఈ వాగులోకే వస్తుంది.

డిసెంబరు నుండి ఏప్రిల్ వరకు ఇక్కడ వర్షకాలం. మే నుండి అక్టోబరు వరకు వర్షాలు తగ్గుతాయి గాని పూర్తిగా ఆగిపోవు.

రాళ్ళు ఏర్పడిన విధం

బౌల్డర్స్ వద్ద గల శిల గ్రానైటు. భూగర్భంలో కరిగిన శిలాద్రవం నెమ్మదిగా గట్టిపడి గ్రానైటు తయారైనది. పై పొరలు కోట్ల సంవత్సరాలపాటు కోతకు గురై తొలగిపోగా ఈ శిల బయటపడినది. గ్రానైటులో అడ్డంగాను నిలువుగాను సహజమైన పగుళ్ళు ఉంటాయి. వర్షపు నీరు ఈ పగుళ్ళలోకి దిగి శిలను క్రమంగా మెత్తబరుస్తుంది. మూలల వద్ద నీరు రెండు మూడు వైపుల నుండి పనిచేయుట వలన మూలలు ముందుగా అరిగి, చతురస్రంగా ఉన్న దిమ్మలు గుండ్రని గుండ్లుగా మారుతాయి. తెలుగునాట హైదరాబాదు పరిసరాలలో ఒకదానిపై ఒకటి పేర్చినట్లు కనిపించే గ్రానైటు గుట్టలు కూడా ఈ విధంగా ఏర్పడినవే. అక్కడ గుండ్లు ఎండలో నిలిచి ఉండగా, ఇక్కడ అవి ప్రవాహం నడుమ ఉన్నవి.

ఆపై పని వాగుది. ప్రవాహం మోసుకొని వచ్చే ఇసుక, గులకరాళ్ళు బండలను సానబెట్టినట్లు నున్నగా చేశాయి. సుడి తిరిగే చోట్ల చిన్న రాళ్ళు ఒకేచోట గిర్రున తిరుగుతూ బండలో గుండ్రని గోతులను తొలిచాయి. కొన్ని గోతులు నిలువుగా లోతుకు దిగి, ప్రక్కనున్న గోతులతోను, బండల క్రింది ఖాళీలతోను కలిసిపోయాయి. ఈ విధంగా పైకి కనిపించని దారులు నీటి అడుగున ఏర్పడినవి.

ఈత మడుగు

వాహనాలు నిలుపు స్థలానికి దగ్గరలో ఉన్న పెద్ద మడుగు ఈతకు అనుమతించబడిన ప్రదేశం. ఇక్కడ వాగు వెడల్పై, ప్రవాహం మందగిస్తుంది. అడుగున ఇసుక, గులకరాళ్ళు ఉంటాయి. అంచున లోతు తక్కువగా ఉండి, మధ్యకు పోయేకొద్దీ పెరుగుతుంది. నీటిలో దిగుటకు మెట్లు ఉన్నవి. గ్రానైటు ఇసుకలో బురద తక్కువ. అందుచేత వానలు లేని రోజులలో నీరు అడుగు కనిపించేటంత తేటగా ఉండి, ఆకుపచ్చ నీలం కలిసిన రంగులో మెరుస్తుంది. కొండల పైనుండి, చెట్ల నీడన ప్రవహించి వచ్చుట వలన వేసవిలో కూడా నీరు చల్లగా ఉంటుంది.

ఈ ప్రాంతంలో అడవిలోని మడుగులకు ఇంత ఆదరణ లభించుటకు మరొక కారణం ఉన్నది. నవంబరు నుండి మే వరకు ఉత్తర క్వీన్స్‌లాండ్ తీరపు సముద్రజలాలలో పెట్టె జెల్లీచేపలు, ఇరుకాంజీ అనే అతి చిన్న జెల్లీచేపలు సంచరిస్తాయి. వీటి కాటు ప్రాణాంతకం కావచ్చును. నదీముఖాలలోను, మైదానపు వాగులలోను ఉప్పునీటి మొసళ్ళు ఉంటాయి. కనుక ఎండలు తీవ్రంగా ఉండే నెలలలో ప్రజలు సముద్రాన్ని విడిచి కొండవాగులను ఆశ్రయిస్తారు. దురదృష్టవశాత్తు ఆ నెలలే వాగులకు వరదలు వచ్చే నెలలు కూడా.

డెవిల్స్ పూల్

ఈత మడుగు దాటి దిగువకు పోయేకొద్దీ వాగు ఇరుకై, గుండ్ల నడుమ సన్నని పాయలుగా చీలి, తిరిగి కలుస్తూ పోతుంది. ఈ భాగంలోనిదే డెవిల్స్ పూల్. దీనిని చూచుటకు కాలిబాట, గట్టుపై వీక్షణ వేదికలు నిర్మించారు. వేదికను దాటి రాళ్ళపైకి పోవుట, నీటిలో దిగుట నిషిద్ధం. పై నుండి చూచినప్పుడు ఈ మడుగు ఎగువ మడుగు కంటే ప్రశాంతంగా కనిపించే సందర్భాలు ఉన్నవి. ప్రమాదానికి ఈ భ్రమయే మూలం. ఇక్కడ ప్రాణనష్టానికి దారితీసే కారణాలను ఈ క్రింది విధంగా చెప్పవచ్చును.

* జారుడు బండలు: నీటి తుంపరలు పడే గ్రానైటు బండలపై కంటికి కనిపించని పలుచని పాచి పెరుగుతుంది. నీటిలో దిగే ఉద్దేశం లేకుండా, ఫోటో కోసం అంచున నిలబడినవారు కూడా జారిపోవుట కద్దు. నున్నని గుండ్రని బండపై పట్టు దొరకదు.

* నీటి అడుగు దారులు: ప్రవాహంలో కొంత భాగం బండల పైనుండి కాక, క్రిందనున్న సందుల గుండా పోతుంది. నీరు సందులోనికి లాగబడే చోట మనిషి చిక్కుకొంటే, వెనుకనున్న నీటి ఒత్తిడి అతనిని అక్కడే అదిమి పెడుతుంది. నీరు పోగలదు, మనిషి పోలేడు. ఎంతటి ఈతగాడికైనను ఈ ఒత్తిడికి ఎదురీదుట అసాధ్యం. గల్లంతైనవారి శరీరాలను వెలికితీయుటకు కొన్ని సందర్భాలలో రోజులు పట్టినది.

* నురుగు నీరు: జలధార పడే చోట నీటిలో గాలి బుడగలు నిండి ఉంటాయి. బుడగలతో నిండిన నీటి సాంద్రత తక్కువ. కాబట్టి అది శరీరాన్ని తేల్చదు. చేతులు కాళ్ళు ఆడించినను పట్టు చిక్కదు.

* హఠాత్తు వరద: ఎగువన కురిసిన వానకు నీటిమట్టం నిమిషాలలో పెరుగుతుంది. ప్రవాహం మనిషిపై చూపే బలం దాని వేగపు వర్గానికి అనులోమంగా ఉంటుంది. అనగా వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లు అవుతుంది. మోకాలి లోతు నీటిలో స్థిరంగా నిలిచినవాడు కొద్దిసేపటికే కొట్టుకొనిపోవుటకు కారణం ఇదే.

మృతులలో యువకుల సంఖ్య ఎక్కువ. బయటి ప్రాంతాల నుండి చూడవచ్చినవారు వీరిలో పలువురు ఉన్నారు. 1979లో మరణించిన ఒక యువకుని స్మారక ఫలకం ఈ బాటలో కనిపిస్తుంది. 2008లోను, తిరిగి 2020, 2021 సంవత్సరాలలోను జరిగిన మరణాల తరువాత ఈ ప్రదేశపు భద్రత గురించి ఆస్ట్రేలియా పత్రికలలో విస్తృతంగా చర్చ జరిగినది. హెచ్చరిక పలకలు, కంచెలు ఉన్నప్పటికీ వాటిని దాటి వెళ్ళేవారిని పూర్తిగా నివారించుట కష్టసాధ్యమైనది.

ఊలానా కథ

ఈ భూమి యిడింజి ఆదివాసులది. వారి భాష యిడిన్. భాషాశాస్త్రవేత్త ఆర్.ఎం.డబ్ల్యు. డిక్సన్ ఈ భాషకు రచించిన వ్యాకరణ గ్రంథం 1977లో వెలువడినది. బౌల్డర్స్ ఏర్పడుట గురించి యిడింజి ప్రజలకు చెందినదిగా ప్రచారంలో ఉన్న కథ సంగ్రహంగా ఇది. ఈ కథను వివరించే పలకను ఆ ప్రదేశంలో ఉంచారు.

ఊలానా అందమైన యువతి. పెద్దలు ఆమెను వరూనూ అనే గౌరవనీయుడైన వృద్ధునికి ఇచ్చి వివాహం చేశారు. కొంతకాలానికి మరొక తెగవారు ఆ లోయకు అతిథులుగా వచ్చారు. వారిలో డైగా అనే యువకుడు ఉన్నాడు. ఊలానా, డైగా పరస్పరం ప్రేమించుకొన్నారు. అది తెగ కట్టుబాటుకు విరుద్ధమని ఎరిగి ఇద్దరూ కొండలలోకి పారిపోయారు. పెద్దలు వెదకి వారిని పట్టుకొన్నారు. డైగాను అతని వారు తీసుకొనిపోవుచుండగా, ఊలానా విడిపించుకొని వాగులో దూకి, తనను అనుసరించమని అతనిని కేకవేసినది. అంతవరకు నిశ్చలంగా ఉన్న నీరు ఒక్కసారి ఉప్పొంగినది, నేల కంపించినది, బండరాళ్ళు చెల్లాచెదురైనవి. ఊలానా వాటి నడుమ మాయమైనది. నేటికీ ఆమె ఆత్మ ఈ రాళ్ళను కాపలా కాస్తున్నదని, పోగొట్టుకొన్న ప్రియుని కోసం పిలుస్తూ ఉంటుందని, ఒంటరిగా వచ్చే యువకులు నీటికి మరీ చేరువగా పోరాదని కథ చెప్పును.

మృతులలో యువకులు ఎక్కువగా ఉండుట వలన పత్రికలు, పర్యాటక పుస్తకాలు ఈ కథను శాపంగా చిత్రించుట పరిపాటి అయినది. శాపమని చెప్పుట వలన మరణాలకు వివరణ లభించదు. పైపెచ్చు సాహసం చేయదలచిన వారిని అది ఆకర్షిస్తుంది. తరతరాలుగా ఆ వాగును ఎరిగినవారి హెచ్చరికగా గ్రహిస్తే కథకు, పై విభాగంలో చెప్పిన కారణాలకు మధ్య వైరుధ్యం లేదు. నీరు ఒక్కసారి ఉప్పొంగునని, రాళ్ళ నడుమ పడినవారు తిరిగి రారని రెండూ చెప్పుచున్నవి.

అడవి, జీవజాలం

వాగుకు ఇరువైపులా ఉన్నది లోతట్టు ఉష్ణమండల వర్షారణ్యం. పుష్పించే మొక్కలలో అతి ప్రాచీన కుటుంబాలకు చెందిన అనేక జాతులు ఈ అడవులలో మిగిలి ఉన్నవి. గోండ్వానా మహాఖండం నాటి వృక్షసంపదకు ఇవి వారసులు. భారతదేశం కూడా ఒకప్పుడు ఆ మహాఖండంలోని భాగమే.

మడుగులో జంగిల్ పెర్చ్ అనే చేపలు, రంపపు అంచు చిప్పగల తాబేళ్ళు కనిపిస్తాయి. చెట్ల బోదెలపై బాయిడ్స్ ఫారెస్ట్ డ్రాగన్ అనే తొండ జాతి జీవి నిశ్చలంగా అంటుకొని ఉంటుంది. మెరిసే నీలి రెక్కల యులిసిస్ సీతాకోకచిలుక ఈ ప్రాంతపు చిహ్నంగా ప్రసిద్ధం. కాసోవరీ పక్షి ఈ అడవిలో సంచరిస్తుంది. ఎగరలేని ఈ పెద్ద పక్షి దాదాపు మనిషి ఎత్తు పెరుగుతుంది. దీని కాలి గోరు పదునైన ఆయుధం. ఎదురైనప్పుడు పరుగెత్తక, ముఖం అటే ఉంచి మెల్లగా వెనుకకు తగ్గవలెను. దీనికి ఆహారం పెట్టుట చట్టవిరుద్ధం.

మొక్కలలో రెండింటి విషయంలో జాగ్రత్త అవసరం. గింపీ గింపీ అనే దురదగొండి జాతి మొక్క ఆకులు హృదయాకారంలో ఉండి, నూగుతో నిండి ఉంటాయి. దురదగొండి అని చెప్పుట చాలా తక్కువ చేసి చెప్పినట్లగును. తాకితే కలిగే మంట, నొప్పి కొన్ని వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలపాటు బాధిస్తుంది. రెండవది ముళ్ళుగల అడవి పేము. దీని కొక్కెపు ముళ్ళు బట్టలను, చర్మాన్ని పట్టుకొంటాయి. 'కాసేపు ఆగు' అనే అర్థం వచ్చే సరదా పేరు దీనికి ఉన్నది.

కాలిబాటలు

వాగు వెంబడి డెవిల్స్ పూల్ వీక్షణ వేదికకు, అక్కడి నుండి బౌల్డర్స్ కనుమ వేదికకు సులువైన బాట ఉన్నది. రానుపోను దూరం సుమారు 1.3 కిలోమీటర్లు. వేలాడే వంతెనపై వాగును దాటి అవతలి ఒడ్డున అడవిలో చుట్టివచ్చే చిన్న బాట మరొకటి. దీనిని వోంగా బాట అంటారు. 1930లలో బంగారం కోసం వెదకినవారు నడచిన దారిని అనుసరించే గోల్డ్‌ఫీల్డ్ బాట కూడా ఇక్కడి నుండి మొదలవుతుంది. ఇది బార్టిల్ ఫ్రియర్, బెలెండెన్ కెర్ పర్వతాల నడుమ కనుమను దాటి సుమారు 19 కిలోమీటర్ల దూరంలో గోల్డ్స్‌బరో లోయకు చేరుతుంది. జలగలు, వాగు దాటవలసిన చోట్లు ఉండుటచేత ఈ బాటకు తగిన ముందుజాగ్రత్త అవసరం.

సందర్శకులకు సూచనలు

* మే నుండి అక్టోబరు వరకు అనుకూలమైన కాలం. ఏ కాలంలోనైనను వెళ్ళేముందు వాతావరణ సూచనను, ముఖ్యంగా కొండలపై వర్షం గురించి తెలుసుకొనవలెను.
* అనుమతించిన మడుగులో తప్ప మరెక్కడా నీటిలో దిగరాదు. లోతు తెలియని చోట తలక్రిందులుగా దూకరాదు.
* నీరు మట్టిరంగుకు మారినా, ఆకులు పుల్లలు ఎక్కువగా కొట్టుకొని వచ్చినా, ఎగువ నుండి హోరు వినిపించినా, ఒడ్డున చూచిపెట్టుకొన్న రాయి మునుగుతున్నా వెంటనే బయటకు రావలెను. సామాను కోసం ఆగరాదు.
* తడి బండలపై నడువరాదు. పిల్లలను చేతికి అందే దూరంలో ఉంచుకొనవలెను.
* ఎవరైనా కొట్టుకొనిపోతే వెంట దూకరాదు. రక్షించబోయినవారు కూడా మరణించుట ఇటువంటి చోట్ల తరచుగా జరిగేదే. త్రాడు, పొడవైన కర్ర, గాలి నింపిన డబ్బా వంటి తేలే వస్తువు అందించి, అత్యవసర సంఖ్య 000కు ఫోను చేయవలెను.
* జాతీయ ఉద్యానవనంలోకి పెంపుడు జంతువులను తీసుకొనిపోరాదు.

చేరే మార్గం

కెయిర్న్స్ విమానాశ్రయం నుండి బ్రూస్ రహదారి మీదుగా దక్షిణంగా గంట ప్రయాణంతో బబిండా చేరవచ్చును. బ్రిస్బేన్ నుండి కెయిర్న్స్ పోయే రైలు మార్గం కూడా ఈ ఊరి మీదుగానే పోవుచున్నది. ఊరి నుండి బౌల్డర్స్ వరకు తారురోడ్డు ఉన్నది. సొంత వాహనం లేదా అద్దె కారు అనుకూలం. ప్రదేశం వద్ద మరుగుదొడ్లు, భోజనపు బల్లలు, గుడారాలు వేసుకొనుటకు చిన్న స్థలం ఉన్నవి. బబిండా పట్టణం చెరకు పరిశ్రమతో పెరిగినది. 1915లో ప్రారంభమైన ఇక్కడి చక్కెర కర్మాగారం 2011లో మూతపడినది. ఆ తరువాత ఊరి జీవనోపాధిలో పర్యాటకానికి ప్రాధాన్యం పెరిగినది.

పరిసరాలలోని ఇతర మడుగులు

* జోసెఫీన్ జలపాతం: బార్టిల్ ఫ్రియర్ పర్వతపు దిగువన, ఇదే జాతీయ ఉద్యానవనంలో ఉన్నది. నున్నని బండపై నుండి సహజంగా జారే జారుడుబల్ల వంటి అమరిక దీని ప్రత్యేకత. హఠాత్తు వరదలు ఇక్కడ కూడా సాధారణం.
* క్రిస్టల్ కాస్కేడ్స్: కెయిర్న్స్ నగర సమీపంలో, ఫ్రెష్‌వాటర్ వాగుపై ఉన్న మడుగుల వరుస.
* మాస్‌మన్ కనుమ: కెయిర్న్స్‌కు ఉత్తరంగా, డెయిన్‌ట్రీ జాతీయ ఉద్యానవనంలో ఉన్నది. ఇది కుకు యలాంజీ ఆదివాసుల భూమి.

ఇవి కూడా చూడండి

* గ్రేట్ బారియర్ రీఫ్
* కెయిర్న్స్
* వర్షారణ్యం
* గోండ్వానా
* కాసోవరీ